రాణిగారి నుదుటి చిల్లు

ద్వీప కార్యదర్శి గారి సముఖమునకు,
విల్లెమ్‌స్టాడ్, కురసావ్.

కొత్త రాణిగారు సింహాసనమెక్కిన గుర్తుగా ఆమె బొమ్మతో అచ్చువేయించిన బంగారు నాణేన్ని నా నలభయ్యేళ్ల పద్యబోధకు మెచ్చి బహూకరించినది తమరే. దానికి చిల్లు పెట్టినందుకు కంసాలి ఎలిహియో దుకాణం మూయిస్తామని నిన్న తాఖీదు పంపినదీ తమరే.

చిల్లు పెట్టమన్నది నేను. పసిబిడ్డకు దిష్టి తగలకుండా నల్లపూసతో బంగారం కట్టడం మా తాతలనాటి ఆచారం. మునిమనుమరాలి మెడకు అంతకంటే మేలైన బంగారం మా యింట లేదు. సువార్తలో నాణెం చూపమని, ఈ బొమ్మ ఎవరిదని అడిగిన ప్రభువు కూడా దానికి చిల్లు పెట్టరాదని శాసించినట్లు నేను చదవలేదు.

తమ ఆగ్రహం చిల్లు మీద కాదని నాకు తెలుసు. బిడ్డ బాప్తిస్మపు విందులో మేకమాంసం పళ్లెం పట్టుకుని తమరు, "ఏమయ్యా, రాణిగారి నుదుటికే చిల్లా! ఎంత పొగరురా నీకు?" అని ఎలిహియోను గద్దించారు. మా ఆవిడ అపొలోనియా, "చెవి కుట్టినంత సుతారంగా కుట్టాడు దొరా! ఆవిడ కిక్కురుమంటేగా?" అన్నది. పందిరంతా నవ్వింది. భయంతో ఎలిహియో ఒక్కడే నవ్వలేదు. అందరి నవ్వుకూ ఆ నవ్వని ఒక్కణ్ణి శిక్షించడం ఏ ధర్మమో సెలవియ్యండి.

నాణెం వాపసు కోరారు. సంతోషం. బిడ్డకు పళ్లొస్తున్నాయి, రాణిగారు ప్రస్తుతం దాని నోట్లో ఉన్నారు. తమరే దయచేసి, అపొలోనియా ఎదుట, తీసుకుపొండి. అందాకా దుకాణం తెరిచే ఉంటుంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటాను.

ఇట్లు,
తమకు అక్షరాలు దిద్దించిన ముసలి పంతులు