ట్రెడ్‌మిల్ మీద పంతాలొద్దు

ఏమండీ,

పదకొండింటికి మీ గుండె పరీక్ష. ఎనిమిదిలోపే కాస్త తినండి. కాఫీ తాగకూడదన్నారు, అందుకే పొడి డబ్బా నాతోపాటు ఆఫీసుకొస్తోంది. బూట్లు గుమ్మం దగ్గర పెట్టాను. పోయినసారిలా చెప్పులేసుకుని వెళ్లి వెనక్కి రాకండి.

మూడేసి నిమిషాలకోసారి ట్రెడ్‌మిల్ వేగం, ఎత్తు పెంచుతారట. మా అన్నయ్య పన్నెండు నిమిషాలు నడిచాడని మీరు పదమూడు నడవక్కర్లేదు. గుండె పట్టేసినట్టుంటే వెంటనే ఆపమనండి. నర్సుకి కబుర్లు చెబుతూ ఆయాసం దాచారో, ఊరుకోను. నేను నేరుగా అక్కడికే వస్తాను.

అన్నట్టు, మనం కలిసి మెట్లెక్కినప్పుడల్లా రెండో అంతస్తులో ఆగి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటారు కదా, అది నా చేతిలోనే ఉంటుంది. మీ ఊపిరి కుదుటపడేదాకా నేనూ సంచిలో వెతుకుతుంటాను.