మల్లక్క చేను దగ్గర జీపు

హనుమకొండ,
12-10-1989

మామయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. తొందరగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. నవంబరు పదిహేనున ములుగు జీపులకు పొగ పరీక్ష. మా రవాణా ఆఫీసులో నోటీసు టైపు చేసింది నేనే. పొగ ఎక్కువైతే పర్మిట్ ఆపేస్తారు. మీ జీపు మలుపు తిరగకముందే పొగ తిరుగుతుంది. అందులో నత్రజని వాయువులు కూడా ఉంటాయి, ఊపిరితిత్తులకు చేటు. వెంటనే ఇంజన్‌లో డీజిలు చిమ్మే నాజిళ్లు మార్పించండి.

మీ మేనకోడలు
విజయలక్ష్మి

తా.క. బంపరుకు నిమ్మకాయలు కడితే పొగ తగ్గదు.

ములుగు,
20-10-1989

చిరంజీవి విజయకు రాజమల్లు మామ దీవెనలు.

నత్రజని అంటే యూరియా బస్తా మీద రాసేదే కదా! ఇన్నేళ్లూ దాన్ని రోడ్డుపాలు చేశాను. ఇప్పుడు ఎరువు కోసం చేనులో గొర్రెల మందను ఆపినట్టు, మల్లక్క మిరపచేను గట్టున రోజూ అరగంట జీపు ఆపి ఇంజన్ నడుపుతున్నాను. ప్యాసింజర్లు దిగి అటూఇటూ తిరిగొస్తారు. వారం తిరగకముందే చేను ఒక మూల నిగనిగలాడుతోంది. "మామా, రేపు జర నా చేనుకాడ ఆపరాదే" అని పక్క చేను యాకయ్య ఒకటే పోరు. ఇప్పుడు నాజిళ్లు మారిస్తే రైతులు ఊరుకుంటారా?

మీ మామ

తా.క. మీ ఆఫీసరుకు చేనుంటే చెప్పు, వంతు ముందు వేయిస్తాను.

హనుమకొండ,
26-10-1989

మామయ్యా, నమస్కారాలు.

పొగ ఎరువు కాదు. ఆకులను మాడుస్తుంది. ఈ ఉత్తరం మల్లక్కకు చదివి వినిపించండి. పర్మిట్ పోతే ఇల్లెలా గడుస్తుందో అత్తయ్యను ఒక్కసారి అడగండి.

విజయ

తా.క. మా ఆఫీసరుకు చేను లేదు. దగ్గు ఉంది.

ములుగు,
16-11-1989

బిడ్డా విజయా, దీవెనలు.

నీ ఉత్తరం వినగానే మల్లక్క నన్ను చేనులోకి లాక్కెళ్లింది. పొగగొట్టం ఎదుటి రెండు సాళ్లు మాడి ఉన్నాయి. "నా మిరప కాలవెడ్తివి. బాగు చేపిచ్చేదాక నీ జీపు ఎట్ల కదుల్తదో సూస్త" అని చక్రం ముందు కూర్చుంది. మెకానిక్ మొగిలయ్య అక్కడికే వచ్చి నాజిళ్లు మార్చాడు. నిన్న పరీక్షలో పాసయ్యాం. పర్మిట్ నిలిచింది. డీజిలు కూడా మిగులుతోంది. ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా జీపెక్కుతున్నారు.

మీ మామ

తా.క. చేను దగ్గర ఆపడం మాత్రం మానొద్దంటోంది మల్లక్క. "ఇంజన్ బందువెట్టి మనుషులను దించు, సాలు. వాళ్లు ఒంటికి పోయే మూలనే పచ్చగున్నది" అంది. నత్రజని జీపుది కాదట బిడ్డా, ప్యాసింజర్లదట.