గేదెల గురించి సంజాయిషీ, మొదటి సీటు గురించి మనవి

తెనాలి,
ఫిబ్రవరి 1989.

తీరప్రాంత యువ వైమానిక స్వచ్ఛంద దళం, దళాధికారి గారి సముఖమునకు,
తెనాలి శాఖ సభ్యుడు, బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి పి. జ్ఞానానందం వ్రాసుకొన్న అర్జీ.

విషయం: విమానం దిగువేళ మైదానంలోకి గేదెలు వచ్చుట – అందుకు నా సభ్యత్వం రద్దు చేయదలచుట – తమరు నాకిచ్చిన మాట – గురించి.

అయ్యా,

ఈ అర్జీలో నిజాలు కాస్త ఎక్కువగా ఉన్నందుకు ముందుగానే క్షమాపణ వేడుకొనుచున్నాను. తమంతటివారి మెమోకి నావంటివాడు జవాబు వ్రాయడమే అపరాధం. ఆ జవాబు అర్థమయ్యేలా వ్రాయడం అంతకంటే పెద్ద అపరాధం. రెండింటికీ కలిపి తల వంచి, మెడ పట్టేదాకా వంచి, విషయానికి వస్తున్నాను.

1. నిరుడు మన శాఖలో సభ్యులు పదకొండు మంది. కవాతులో 'కుడివైపు తిరుగు' అంటే సగంమంది టీకొట్టు వైపు తిరిగేవారు. అట్టి రోజుల్లో తమరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్ ఆనందం, ఎలాగైనా వందమందిని చెయ్యి. బాపట్లకి విమానం తెప్పించే పూచీ నాది. పైలట్ పక్కన మొదటి సీటు నీది" అని సెలవిచ్చారు. ఆ విమానంలో ఉన్నదే రెండు సీట్లు కనుక, ఈ మాటలో పొరబడడానికి చోటు లేదని మనవి.

2. సదరు మాట నమ్మి తిరిగాను. తెనాలిలో సినిమాకి టిక్కెట్లు దొరకక వెనుదిరిగినవాళ్ళలో దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకున్నాను. బాపట్లలో వ్యవసాయం చదివే కుర్రాళ్ళ గదులకు వెళ్ళి, "పొలాన్ని పైనుంచి చూడని చదువూ ఒక చదువేనా?" అని ఉపన్యసించాను. ఇద్దరు నన్ను బయటికి పంపారు. మిగిలినవారు చేరారు.

3. రేపల్లె మాత్రం నావల్ల కాలేదు. అక్కడ దళాన్ని పెంచింది మా అమ్మ, బడిలో టీచరు ప్రేమకుమారి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, సాయంత్రాలు చేపల గంపల దగ్గర, తల్లులని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఒప్పించింది. వారిలో అంజమ్మ గారు ఒక పట్టాన లొంగలేదు. ఆవిడ ఇంటి మగవాళ్ళంతా సముద్రం మీద బతికేవాళ్ళు.

"పడవ మునిగితే మా పేరయ్య ఈదుకొస్తాడు టీచరమ్మా. అది పడితే నా కొడుకు ఏం పట్టుకుంటాడు, మబ్బునా?"

"ముందు మావాడు ఎక్కుతాడు అంజమ్మా. వాడు దిగొచ్చి నీ ఎదురుగా నిలబడ్డాకే మీవాడు ఎక్కేది."

"మాటేనా?"

"మాటే."

అలా పేరయ్య చేరాడు. వాడి వెనకే ఆ పేటంతా చేరింది. సభ్యులు నూట ఆరుగురయ్యారు. తమరు సభ పెట్టి, ఇదంతా తమ కృషి అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనేనని గుర్తు చేస్తున్నాను.

4. విమానం వచ్చిన శనివారం, రద్దీ అవుతుందని రేపల్లె సభ్యులను తమరే రావద్దన్నారు. వాళ్ళు ఊళ్ళోనే డాబాలెక్కి చూశారు. అమ్మ పాలిష్ పెట్టిన బూట్లతో నేను బాపట్ల మైదానంలో నిలబడ్డాను. తమ బావమరిది వరప్రసాదం గారు ఆ ఉదయమే సభ్యులై, ఆ ఉదయమే నా సీట్లో కూర్చున్నారు. తమరు నా వైపు చూడలేదండి. ఒక్కసారి చూసి ఉంటే ఈ అర్జీలో సగం తగ్గేది. "ఆనందం చురుకైనవాడు, గేదెలు రాకుండా చూడమను" అని కబురంపారు. కబురుతోపాటు కర్ర కూడా పంపారు.

5. ఇక గేదెలు. విమానం రేపల్లె దాకా వెళ్ళి తిరిగివచ్చి దిగబోతుండగా నాలుగు గేదెలు మైదానంలోకి వచ్చిన మాట వాస్తవం. నేను తోలలేదు. అవి మన దళంలో సభ్యులు కావు, క్రమశిక్షణ లేదని వాటిని అనడానికీ లేదు. విమానం దిగలేక మరో రెండు చుట్లు తిరిగింది. అనగా వరప్రసాదం గారికి అదనంగా రెండు చుట్లు దక్కాయి. పగపట్టినవాడు ఎవడైనా పగవాడికి ఇంకో రెండు చుట్లు ఇప్పిస్తాడా? పైగా ఆయన దిగుతూనే తమతో, "కళ్ళు తెరిస్తే ఒట్టు బావా, ఏమీ చూళ్ళేదు" అన్నారు. అది విన్నాక మాత్రం, గేదెల్ని నేనే తోలి ఉంటే బాగుండేదనిపించింది. అనిపించినందుకు కూడా మెమో ఇవ్వవచ్చునేమో తమరే సెలవియ్యాలి.

6. కావున మనవి. సభ్యత్వం రద్దు చేయదలిస్తే చేయండి. మొదట ఎక్కినవారికిచ్చే పతకమూ, ఫోటోలూ బావమరిది గారికే ఉంచండి. అయితే వచ్చే శనివారం విమానం మళ్ళీ వస్తోంది, వంతు పేరయ్యది. వాడు ఎక్కకముందు నన్నొకసారి ఎక్కించండి. రేపల్లె దాకా అక్కర్లేదు, ఎవరూ చూడక్కర్లేదు, చప్పట్లు అసలే వద్దు. లేచి, మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, దిగితే చాలు. దిగగానే ఆ కర్ర పట్టుకుని గేదెల దగ్గరికి నేనే పోతాను.

మాట నిలబెట్టుకోవడానికి తమకింకా శనివారం దాకా వ్యవధి ఉన్నదని చిత్తగించవలెను.

తమ విధేయుడు
(రద్దయ్యేవరకు),
పి. జ్ఞానానందం

తా.క.: 'చేసిన తప్పు ఒప్పుకొనవలెను' అని మెమోలో ఉంది గనుక ఇది కూడా వ్రాస్తున్నాను.

విమానం వచ్చిన ఆ శనివారం సాయంత్రం నేను రేపల్లె చేరేసరికి అమ్మా, అంజమ్మ గారూ మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. అమ్మ ఒళ్ళో ఎర్ర దుప్పటి ఉంది. పొద్దున్నే డాబా ఎక్కి, విమానం కనపడ్డ దగ్గర్నుంచి కనుమరుగయ్యేదాకా ఊపిందట. చేతులు పైకి లేవడం లేదు.

"ఊపుతూనే ఉన్నా నాన్నా. కనపడ్డానా?"

"కనపడ్డావమ్మా" అన్నాను.

అంజమ్మ గారు లేచొచ్చి నా భుజాలూ చేతులూ తడిమి చూసి, "దిగొచ్చాడు" అంది. మర్నాడే, విమానం ఎక్కడానికి కొడుకు పేరు ఇచ్చింది.

గేదెలు వాటంతటవే వచ్చాయండి. నేను చేసింది ఇదొక్కటే.