నెమళ్ల గోడకు సున్నం

అన్నయ్యా, మన్యం జ్వరం దిగింది, వదినను బెంగ పెట్టుకోవద్దను.

కోటలో చిత్రశాల సగం మరమ్మతులో ఉందనీ, పని పూర్తయి గోడలన్నీ తెల్లబడ్డాక వచ్చి చూడమనీ రాశావు. నాన్న ఆ గోడల మీద బొమ్మలు వేసీ వేసీ కళ్లు పోగొట్టుకుని పోయాడు. వాటికి సున్నం కొట్టించే మేస్త్రీవి నువ్వయ్యావు. తెల్లబడ్డాక నేను వచ్చి చూసేదేమిటి?

మా కొట్టుకు వచ్చే సవర ముసలాయన సోంబరు ఇంట్లో, చనిపోయినవాళ్లు ఉండడానికని గోడ మీద బొమ్మ వేసుకుంటారు. నీ కార్డు సంగతి చెబితే, "గోడకి సున్నం ఏసేత్తే మీ అయ్య ఎక్కడుంతాడు బాబూ?" అన్నాడు. ఆ మాటకు జవాబు నీకు తోస్తే రాయి.

పని ముగిసేదాకా ఆగను. సంత కాగానే బండి మీద కొండ దిగి సాలూరు మీదుగా వస్తున్నాను. క్వినైను కొని ఉంచు. ఎర్రావు ఈనిందా?

వదినకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నాన్నకు పెట్టే నమస్కారం మాత్రం అక్కడికే వచ్చి పెడతాను. అప్పటిదాకా నాన్న నెమళ్లు వేసిన ఆ గోడ ఒక్కటీ సున్నం పడకుండా ఆపు. ఆపలేనంటావా, ఆ గోడకు సున్నం నీ చేత్తోనే వెయ్యి, కూలివాళ్ల చేత వేయించకు.

నీ తమ్ముడు
అప్పలస్వామి