చెయ్యెత్తి నిలబడమన్న చెట్టు

ఏమయ్యా,

నువ్వు మోడు చేసిన మన మామిడిచెట్టు ఇవాళ మొదటిసారి కోతకొచ్చింది.

నువ్వు జబ్బుపడ్డ ఏడాది నన్ను దాని కింద చెయ్యెత్తి నిలబడమన్నావు. నా వేళ్ళందిన చోటికి బాగా కిందగా కొమ్మలన్నీ కోసేశావు. "నిక్షేపంలాంటి చెట్టును చంపేసినావు కదప్పా!" అని పక్కింటి నారాయణప్ప తిట్టాడు. "చిగురు పైకే కదన్నా పోతాది" అని నవ్వావు.

పొద్దున ఆయనే దోటి తెచ్చాడు. "ఒక్కదానివి యాడ కోస్తావమ్మా? నేను కోసిస్తా."

"వద్దన్నా, చేతికే అందుతా ఉండాయి."

నీ పుణ్యమా అని, నేలమీద నిలబడే బుట్ట నింపుకున్నాను. ఆయన దోటి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం గోడ మీదుగా చూశాను. వాళ్ళ చెట్టు కింద భార్యను నిలబెట్టి, చెయ్యెత్తమంటున్నాడు.