గేటు కాడ మనిషి

మంగళవారం రాత్రి

ఇవాళ మా ఆయన నా తమ్ముడి తల పగలగొట్టాడు.

మా చేను పక్క ఫాంహౌస్‌లో హైదరాబాద్ సారు కొత్త బోరు వేయించాక మా బోరు ఎండిపోయింది. పొట్టకొచ్చిన మా వరి మాడిపోతుంటే, అక్కడ ఈతకొలను నింపుతున్నారు. పొద్దున మా ఆయన గడ్డపార పట్టుకుని ఫాంహౌస్ గోడ దూకాడు. నేను గేటు దాకా పరిగెత్తాను. ఆయన బోరు పైపును విరగ్గొడుతుంటే, అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న నా తమ్ముడు కురుమూర్తి అడ్డం వచ్చాడు.

"వద్దు బావా, నా కొలువు పోతది."

"మన నీళ్లు వాడు గుంజుతుంటే నువ్వు కావలుంటవారా?"

గడ్డపార తిప్పి కొట్టాడు. ఎముక పగిలిన చప్పుడు నాకు గేటు బయటికే వినిపించింది. తమ్ముడు దవాఖానలో ఉన్నాడు. ఇంకా కళ్లు తెరవలేదు.

సాయంత్రం ఫాంహౌస్ మేనేజర్ ఇంటికొచ్చాడు. పోలీసులను తెచ్చాడనుకున్నాను. ఒక్కడే వచ్చాడు.

"నీ బామ్మర్ది గోడ మీదికెల్లి పడ్డడని దవాఖానల రాపిచ్చినం. సారుకు ఫోన్ల అంతా చెప్పిన. కేసు గీసు వద్దన్నడు. గేటు కాడ గట్ల కొట్టేటోడే ఉండాలన్నడు. రేపటి సంది నిన్ను రమ్మన్నడు."

మేనేజర్ మొహాన ఉమ్ముతాడని మా ఆయన వైపు చూశాను. ఆయన "జీతం ఎంతిస్తరు?" అని అడిగాడు.

ఇప్పుడు నా పక్కనే గురకపెడుతున్నాడు. గడ్డపార నా మంచం కింద ఉంది. దాన్ని ఇంకా కడగలేదు.