ఆగమని ఎవరు చెప్పాలి

జూన్ 11

పొద్దున లేవగానే గుప్పిట మూసుకోలేదు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగాను, చంటిపిల్లలా. కణుపులు రెండు చేతులకూ ఒకే తీరున ఉబ్బాయి — కుడి చేతికి ఏ వేలో, ఎడమకూ అదే వేలు. దెబ్బయితే ఒక చేతికి తగలాలి కదా? వింతగా ఉంది.

ఎండెక్కాక కొంచెం వదులు. షెడ్డుకు వెళ్లాను. మగ్గం మీద పాత అచ్చు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. కొత్త అచ్చు పోగులు ఒక్కొక్కటే పాత కొసలకు మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని కూర్చున్నాను. పోగు జారిపోతోంది... ఆయన చూశారు. "పక్కవీధి నాగరత్నను పిలుస్తాలే మే, ఆమె అతుకుతాది."

పెళ్లయి ఈ నగరి ఊరికి వచ్చినప్పటి నుంచి మా మగ్గాలకు అచ్చులు నేనే అతుకుతున్నాను. నా చోట ఇంకొకరా! వద్దన్నాను, గట్టిగానే.

జూన్ 12

సగం అచ్చు. సాయంత్రం ఏడుపు.

జూన్ 20

తిరుపతి వెళ్లాం. డాక్టరమ్మ వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. రక్తం రిపోర్టు వచ్చాక చెప్పింది — అరుగుదల కాదు. ఒంట్లోకి క్రిములు వస్తే పోట్లాడే కణాలు ఉంటాయట. నావి నా కీళ్లనే పరాయివనుకుని వాటి మీద పడుతున్నాయి. రక్తనాళాలు వెడల్పయి, నీరు దిగి, ఇంకా కణాలు వచ్చి చేరి... అదీ వాపు. తెల్లవారుజామున వాటి సందడి ఎక్కువట. అందుకే పొద్దున ఆ బిగుతు.

"ఇట్లే వదిలేస్తే వేళ్లు వంకరపోతాయమ్మా. అప్పుడు ఏ మందూ సరిజేయలేదు."

భయం వేసింది. అయినా అడగకుండా ఉండలేకపోయాను. "ముల్లు గుచ్చుకున్నా వాస్తాది గదమ్మా. అది దానంతట అదే పోతాది. దాన్ని ఆగమని ఎవరు చెప్తారు?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "బాగా అడిగినావు. చాలు, ఆపండి అని చెప్పే కణాలు కూడా ఉండాయి. వాటికి అదే పని. నీ కీళ్లకాడ వాటి మాట సాగడం లేదు."

బస్సులో పుత్తూరు దాకా అదే ఆలోచన. నా ఒంట్లో ఇంత యవ్వారం నడుస్తుంటే నాకు ఒక్క ముక్క తెలియదు.

జూన్ 23

దోమ కుట్టింది. కొట్టకుండా చూస్తూ కూర్చున్నాను. ఎరుపు. తర్వాత చిన్న గుబ్బ. వెచ్చన. దురద. అన్నం తిని వచ్చి చూస్తే — పోయింది! ఎవరో చెప్పేశారు, చాలని. పక్కనే కణుపులు... అవి అలాగే ఉన్నాయి.

అత్త ఒకటే తిట్లు. "పనీపాటా లేదా మే? దోమకు నెత్తురు పోసి సూస్తా కూసున్నావు!"

జూలై 2

డాక్టరమ్మ రోజూ వేసుకోమని ఇచ్చిన చిన్న మాత్ర, ఎంత పని చేసింది! అచ్చు మొత్తం అతికాను. పోగు మెలిపడుతుంటే వేలికొసకు తెలిసే ఆ సన్నటి బిగువు — దాన్ని ఇంతగా పోగొట్టుకున్నానని ఇవాళే తెలిసింది.

ఇలాంటి మందును ఒళ్లు తనే తయారుచేసుకుంటుందట. బయటి నుంచి ఇస్తుంటే లోపలిది బద్ధకిస్తుంది, వండిపెట్టేవాళ్లుంటే పొయ్యి దగ్గరికి రాని మా మరిదిలాగా. అందుకే ఉన్నట్టుండి ఆపకూడదు, మెల్లగా దించాలి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

జూలై 21

గంగమ్మ జాతరకు చాటింపు వేశారు. జాతర అయ్యేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. తిరుపతి వెళ్లాల్సిన రోజు ఈ మధ్యలోనే పడింది. మాత్రలూ అయిపోవచ్చాయి.

అత్త: "అమ్మ వచ్చే యాళ ఆ వేడి మాత్రలేంది? నాలుగు నాళ్లు ఆపితే ఏమైతాది!" నాకూ నొప్పి లేదాయె. మందుల షాపులో ఇంకో అట్ట అడిగి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. వాపు పోయింది కదా, ఇంకెందుకు?

జూలై 24

మాత్ర లేదు. నొప్పీ లేదు. అంబలి పోశాం. బాగుంది.

జూలై 26

జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయాను. ఆయన పెట్టారు. ఇద్దరం మొహాలు చూసుకోలేదు. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

జూలై 28

జాతర అయిపోయింది. ఇన్నాళ్లూ డప్పులు, పూనకాలు, వేపాకు, ఊరంతా కాగిపోయింది. ఈ పొద్దున అమ్మవారిని సాగనంపుతూ, ఆనవాయితీగా ఆమె మట్టి రూపాన్ని నరికారు. అంతే. అమ్మ వెళ్లిపోయింది, జనం ఇళ్లకు వెళ్లారు. సాగనంపడం అంటూ ఒకటి ఉండాలి. నా కీళ్లలో జాతర మొదలైంది గానీ సాగనంపేవాళ్లు లేరు.

అత్త ఆ మట్టి తెచ్చి కణుపులకు రాసింది. "నేనే మే, నీ మాత్రలు ఆపించింది..." రాయనిచ్చాను. చల్లగా ఉంది.

జూలై 29

డాక్టరమ్మ చీవాట్లు. "జాతర నీకు గానీ నీ కణాలకు కాదు గదమ్మా!" ఎక్స్‌రేలో కుడి మధ్యవేలి ఎముక అంచు చిన్నగా కొరికినట్టుంది. అది తిరిగి రాదు.

పాత మాత్ర మళ్లీ మొదలు, మెల్లగా దించడానికి. ఇంకో మాత్ర కొత్తగా — వారానికి ఒక్కరోజే, సోమవారం. నిదానంగా పనిచేస్తుంది, వారాలు పడుతుంది. కణాల ఆవేశాన్ని తగ్గిస్తుంది.

"జ్వరమొస్తే ఆ వారం మాత్ర ఎయ్యొద్దు. నేరుగా రా. నిజంగా క్రిమి వస్తే కొట్లాడే బలం తక్కువుంటాది నీకు."

అంటే కాపలావాళ్లను పడుకోబెడుతున్నాం. పూర్తిగా కాదు, సగం నిద్ర. ఎంత నిద్ర సరిపోతుందో ఎలా కొలుస్తారు? అడిగాను. "సూస్తా సూస్తా పోవాల్సిందే" అంది. ఆమెకూ తెలియనిది ఉందంటే ఎందుకో ధైర్యం వచ్చింది.

ఆగస్టు 19

ఏమీ మార్పు లేదు. నాగరత్న వచ్చి అచ్చు అతికింది. నేను వంటింట్లోనే ఉన్నాను.

సెప్టెంబర్ 9

జడ నేనే వేసుకున్నాను!

సెప్టెంబర్ 21

షెడ్డులో కూర్చున్నాను. మధ్యవేలు పూర్తిగా చాపలేను. చూపుడువేలు, బొటనవేలు చాలు పోగుకు. సగం అచ్చు నాదే. మిగతా సగం రేపు. ఆయన ఊరికే రెండుసార్లు వచ్చి చూసిపోయారు. ఎంత సంతోషంగా ఉందో రాయడం రావడం లేదు.

సెప్టెంబర్ 22

జ్వరం. గొంతు మంట, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాను. సోమవారం. మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేసుకుంటే ఒంట్లో కొట్లాడేవాళ్లుండరు. వేసుకోకపోతే, నిన్ననే పోగు పట్టిన ఈ వేళ్లు...

డాక్టరమ్మ ఫోను ఎత్తడం లేదు. మాత్ర తిరిగి డబ్బాలో పెట్టేశాను.

మిగతా సగం అచ్చుకు నాగరత్నను పిలవమని నేనే చెప్పాను. ఆయన "నువ్వు తిరిగొచ్చినాక అతుకుదువులే, అట్లే ఉండనీ" అని, ఆస్పత్రికి పోవడానికి ఆటో కోసం వెళ్లారు.

ఒళ్లు కాగుతోంది. లోపల వాళ్లు లేచినట్టే ఉన్నారు. ఇన్ని నెలలు పడుకోండి, పడుకోండి అని బతిమాలినదాన్ని — ఇవాళ లేవండమ్మా, కొట్టండి అంటున్నాను. ఈసారైనా శత్రువెవరో వాళ్లకు సరిగ్గా తెలుసో లేదో.

ఆటో వచ్చింది.